రుచి గడి

అత్తగారి అంజూరమూ కోడలి అంజూరమూ ఒకటేనని తేల్చి చెప్పిన రోజున, ఆమెకి ఆ వీధిలో గుక్కెడు మంచినీళ్లు పుట్టలేదు.

పండ్లమొక్కల నమోదు ఆఫీసులో ఆమె చేసే పనే అది. ఎవరి పెరట్లో ఏ అంజూరపు చెట్టుందో చూడటం, ఆకునీ కాయనీ కొలవటం, ఒకే రకానికి పది పేర్లుంటే తొమ్మిది చెరిపేసి ఒకటి ఉంచటం. అంజూరంతో వచ్చిన చిక్కేమిటంటే, కొమ్మ విరిచి గుచ్చితే చాలు, బతికేస్తుంది. ఏ ఇంటికి వెళ్తే ఆ ఇంట్లో కొత్త పేరు పెట్టించుకుంటుంది. అందుకని ఆఫీసులో ఆమెని చాటుగా రబ్బరు మేడమ్ అనేవారు. ఎదురుగా అన్నా ఆమె ఏమీ అనుకునేది కాదు. చెరపటం తప్పు కాదని, తప్పుని అలాగే ఉంచటమే తప్పని ఆమె నమ్మకం.

ఆ ఇంట్లో ముందు గుమ్మం దగ్గరి చెట్టు అత్తగారిది, వెనక గుమ్మం దగ్గరిది కోడలిది. ఎవరి చెట్టు కాయలు తియ్యన అన్న దాని మీద పదిహేనేళ్లుగా ఇద్దరికీ పడదు. ఆమె రెండు చెట్ల ఆకులూ పక్కపక్కన పరిచి, రెండు కాయలు కోసి, స్కేలు పెట్టి చూసి, "రెండూ ఒక్కటేనండీ" అంది.

పదిహేనేళ్లలో మొదటిసారి అత్తాకోడళ్లిద్దరూ ఒక్క మాట మీద నిలబడ్డారు. ఈ అమ్మాయికి కళ్లు లేవని.

ఆమె రిజిస్టరు చంకన పెట్టుకుని, ఎండలో, పక్క గేటు తోసింది. అది నర్సరీ. గ్రీన్ నెట్ కింద వెలుతురు చెరువు అడుగున ఉన్నట్టు పచ్చగా, కదులుతూ ఉంది. ఆ పచ్చదనంలోంచి ఒకతను చేతిలో గ్లాసుతో ఎదురొచ్చాడు.

"గోడవతల కేకలు ఇటు వినిపిస్తాయండీ. ముందు ఈ నీళ్లు తాగండి. తర్వాత నా చెట్లని అవమానిద్దురుగాని."

ఆమె గుక్క తిప్పుకోకుండా తాగింది. "అవమానించడానికి రాలేదు. పేర్లు సరిచూడటానికి వచ్చాను. అయినా ఆ రెండూ ఒకటే."

"ఒకటే. రెండు గుమ్మాలకీ కొమ్మలిచ్చింది మా నానమ్మే. ఒకే చెట్టువి."

"మరి ఆ సంగతి వాళ్లకి చెప్పొచ్చుగా!"

"మేం ఈ వీధిలో బతకాలి కదండీ."

ఆమెకి నవ్వొచ్చింది. డ్యూటీలో నవ్వే అలవాటు లేదు గనక గ్లాసు ఇంకోసారి ఎత్తి, లేని నీళ్లు తాగింది.

నర్సరీలో ముప్ఫై ఒక్క కుండీలున్నాయి. ముప్ఫై ఒక్క రేకుబిళ్లలు, ముప్ఫై ఒక్క పేర్లు. నల్లపిల్ల, పెళ్లికూతురు, బడిపంతులు, చిలకముక్కు, తేనెబొట్టు. ఆమె భూతద్దం తీసి ఒక్కొక్క కాయ మెడా, అడుగునుండే చిన్న చిల్లూ చూసుకుంటూ పోయింది. ఆ చిల్లుని కన్ను అంటారు. అంజూరానికి సంబంధించినంత వరకూ ఆకు అబద్ధమాడొచ్చుగాని కన్ను ఆడదు.

"పెళ్లికూతురూ బడిపంతులూ ఒకటే."

"అయ్యో! ఇద్దరికీ వయసులో చాలా తేడా ఉందండీ."

"కన్ను చూడండి, రెండిటికీ తెరుచుకునే ఉంది. బడిపంతులు కొట్టేస్తున్నాను."

"పాపం, రిటైరయ్యాడనుకుంటాను."

"ఇదేమిటి, మనిషి పేరులా ఉంది?"

అతను తల గోక్కున్నాడు. "స్కూల్లో నా పక్క బెంచీ అమ్మాయి పేరండీ."

"కొట్టేస్తున్నాను. ఇంటివాళ్లు ముద్దుగా పెట్టుకున్న పేరు చెల్లదు. వీధిలో పదిమంది నోటా నలిగిన పేరే చెల్లుతుంది. మా రూలు."

"కొట్టేయండి. ఆ అమ్మాయీ నన్ను కొట్టేసింది."

సాయంత్రానికి ముప్ఫై ఒకటి తొమ్మిదయ్యాయి. అతను ఆమె భుజం మీదుగా రిజిస్టరులోకి తొంగిచూశాడు. పొడవు, వెడల్పు, మెడ, తొక్క రంగు, గుజ్జు రంగు, కన్ను. ముత్యాల్లాంటి అక్షరాలతో గడులన్నీ నిండి ఉన్నాయి. చివరి గడి ఒక్కటే, మొదటి పేజీ నుంచీ ఖాళీ.

"రుచి గడి వదిలేశారే?"

"రుచికి స్కేలు లేదు. ఆకలి మీదున్నవాడికి ఒక రుచి, కడుపు నిండినవాడికి ఒక రుచి. నమ్మలేం."

"ఇన్నిటిలో ఒక్కటీ తినలేదా?"

"డ్యూటీలో తినను."

"డ్యూటీ అయ్యాక?"

"అప్పటికి అంజూరమంటే మొహం మొత్తుతుంది."

మూడేళ్లుగా అంజూరాలు కోస్తూ ఒక్కటీ తినని మనిషిని అతను వింతగా చూశాడు. ఆమె ఆ చూపుని గమనించి, గమనించనట్టు పేజీ తిప్పింది. గాలి ఆ పేజీని మళ్లీ వెనక్కి తిప్పింది.

*

అసలు గొడవ పెరట్లో మొదలైంది.

వంటింటి గోడ పక్కన ఇంకో చెట్టుంది. మనిషెత్తు కూడా లేదు. ఆకులు ముడతలు పడి, పచ్చటి గుడ్డ మీద ఎవరో పసుపు నీళ్లు చిలకరించినట్టు మచ్చలు మచ్చలుగా ఉన్నాయి. దాని పక్కన పీట వేసుకుని ఒక పెద్దావిడ కూర్చునుంది. అతని నానమ్మ.

"ఇదేం రకం?" అంది ఆమె.

"అదా? అది అదే," అంది నానమ్మ.

"పేరండీ."

"పేరు లేదు తల్లీ. పెన్సిలంత పుల్ల, తడిగుడ్డలో చుట్టి వీడి తాత తెచ్చారు. రకమేమిటని అడిగేలోగా ఇద్దరం ఏవో మాటల్లో పడ్డాం. అంతే, అడగటం మర్చిపోయాను. ఇప్పుడు అడుగుదామంటే ఆయన లేరు."

ఆమె ఒక ఆకు తుంచి వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. మొజాయిక్ వైరస్. సందేహం లేదు. కంటికి ఆనని నల్లి ఒకటి మొగ్గల్లో దూరి, ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి మోస్తుంది. కొన్ని రకాలు తట్టుకుంటాయి. కొన్ని సుకుమారాలు, పట్టుకుంటే వదలదు. మందు లేదు. ఈ పెరటి వెనక గోడకి అవతలే, అంట్లకి కొమ్మలు తీసే ఆఫీసువారి తల్లిచెట్ల తోట ఉంది. అందుకని రూలు: గోడకి దగ్గర్లో జబ్బు చెట్టు ఉండకూడదు, అది ఇంకెక్కడా దొరకని రకమైతే తప్ప.

ఆమె నల్లపిల్ల ఆకు పక్కన ఈ ఆకు పెట్టి చూసింది. మూడు చీలికలు ఇక్కడ, మూడు అక్కడ.

"ఇది నల్లపిల్లే. ఊరంతా ఉంది," అని సంచిలోంచి ఎర్ర రిబ్బను తీసి కొమ్మకి కట్టింది. "వానలు వెనకపట్టేలోగా మా మనుషులు వచ్చి తీసేస్తారు."

అప్పటిదాకా నవ్వుతున్న మనిషి నవ్వటం మానేశాడు.

"మేడమ్, పది రోజులు జ్వరం పడ్డ మనిషిని మంచం మీద చూసి, తాత పోలికో తండ్రి పోలికో చెప్పేస్తారా మీరు?"

ఆమె చెయ్యి రిబ్బను దగ్గరే ఆగిపోయింది.

నిజమే. వైరస్ పట్టిన చెట్టుకి ఆకు చీలికలు చెదిరిపోతాయి. ఈ పాఠం కొత్తగా చేరినవాళ్లకి తనే చెబుతుంది. ఎండలో పడి తిరిగి, దాహమేసి, తొందరపడి, తనే తప్పింది. చెవులు వేడెక్కాయి.

"కాయ ఉందా?"

"వస్తాయి. బొటనవేలంత కాగానే రాలిపోతాయి. ఆరేళ్లుగా ఒక్కటీ పండలేదు."

"లోపల ఏ రంగో గుర్తుందా అమ్మా?"

నానమ్మ కళ్లు మూసుకుంది. "రంగు గుర్తులేదు తల్లీ. రుచి గుర్తుంది."

"రుచి పనికిరాదండీ," అంది ఆమె మెల్లగా.

"అలాగా," అంది నానమ్మ. ఆ ఒక్క మాటా ఆమెకి చాలా రోజులు చెవిలో ఉండిపోయింది.

చివరికి ఆమే అంది. "రిబ్బను ఇప్పుడు విప్పలేను. కానీ గడువులోగా ఒక్క పండు, ఒకే ఒక్కటి, చెట్టు మీద పక్వానికొస్తే, కొలిచి, కోసి, కన్నూ గుజ్జూ చూసి రాస్తాను. వేరే రకమైతే నా చేత్తోనే విప్పుతాను. ప్రతి గురువారం వచ్చి చూస్తాను."

"ప్రతి గురువారమా?" అన్నాడతను.

"డ్యూటీ," అంది ఆమె.

*

మొదటి గురువారం ఇద్దరూ చెట్టు కోసం పోట్లాడుకున్నారు. కొమ్మలు కత్తిరిస్తే కొత్త చిగురొస్తుందని అతను. ఒళ్లు బాగోలేనివాళ్లని పరుగెత్తిస్తారా, లేత చిగురంటేనే ఆ నల్లికి పండగ అని ఆమె. ఆమే నెగ్గింది. కత్తెర అటకెక్కింది.

రెండో గురువారం మొదళ్లో ఎండుగడ్డి పరిచారు. ఎండినప్పుడు ఎండి, తడిసినప్పుడు తడిసే చెట్టుకి బెంగ ఎక్కువని, రోజూ ఒకే వేళకి, ఒకే కొలతతో నీళ్లు పొయ్యమంది. చెంబు మీద తనే గీత గీసింది.

మూడో గురువారం కాయలు లెక్కపెట్టారు. పద్నాలుగు. "పదకొండు తుంచెయ్యండి," అంది.

"పదకొండా! మీ రబ్బరు నా కాయల దాకా వచ్చిందే!"

"పద్నాలుగుమందిని పోషించే శక్తి దీనికి లేదు. ముగ్గురినైతే పోషిస్తుంది."

అతను ఒక్కొక్కటీ తుంచి నానమ్మ ఒళ్లో వేశాడు. ప్రతి కాయా తుంచిన చోట ఒక పాలచుక్క వచ్చింది. ఆమె దూదితో ఆ చుక్కలన్నీ అద్దింది. ఆ అద్దటం చూస్తే, పదకొండు తుంచమన్నది ఈ చేతులేనా అనిపించింది అతనికి.

తర్వాత వానలు మొదలయ్యాయి.

వానలో అంజూరపాకు ఒక వాసన వేస్తుంది. పాలు పొంగబోయే ముందు వచ్చే వాసనలా, పచ్చిగా, తియ్యగా. గురువారం మధ్యాహ్నాలు ఆమె పెరటి మెట్ల మీద కూర్చుని ఆ వాసనలో రిజిస్టరు రాసుకునేది. పది నిమిషాల పని గంటయ్యేది. గంట రెండయ్యేది. చూరు నుంచి జారే నీళ్లు గోడ పక్కన వరసగా చిన్న చిన్న గుంటలు చేసేవి. అతను పక్కన కూర్చుని మొక్కలకి పుల్లలు కట్టుకుంటూ ఏదో ఒకటి చెబుతూనే ఉండేవాడు. ఆమె ఊ కొట్టేది. ఇద్దరి మధ్యా చెంబు ఉండేది, గీత ఉన్న వైపు ఆమెకేసి తిరిగి.

ఆమె ఇంట్లో ముందుగా కనిపెట్టింది వదిన.

"మంగళవారం వచ్చేసరికి దువ్వెన కొత్తది కావాలంటావు. బుధవారం గొడుగు తుడుస్తావు. గురువారం గొడుగు మర్చిపోయి తడిసొస్తావు. ఏ చెట్టమ్మా అది?"

"జబ్బు చెట్టు వదినా."

"అంటుకునేదేనా?"

"చుట్టుపక్కల చెట్లకి అంటుకుంటుంది."

"అదే అనుకున్నాను," అని వదిన తలుపు చేరవేసింది.

మూడు కాయల్లో ఒకటి గాలివానకి రాలింది. రెండోది పిట్ట పొడిచింది. మూడోదానికి అతను పల్చటి గుడ్డసంచీ కుట్టి తొడిగాడు. కుట్లు వంకరటింకరగా ఉన్నాయి. ఆమె వాటిని చూసి ఏమీ అనలేదు. కుట్లని కూడా స్కేలు పెట్టి కొలిచే మనిషి ఏమీ అనకపోవటం ఎంత పెద్ద మాటో నానమ్మకి తెలిసింది. ఆవిడ మనవడికేసి చూసి కళ్లెగరేసింది.

కాయ పెరిగింది. బొటనవేలంత దాటింది. మెడ కొంచెం వాలింది. ఆకుల్లో కూడా కింది వరసవి పాతబడి ముడతలు పడే ఉన్నా, పై వరసలో ఒక ఆకు, ఒకే ఒక్కటి, నున్నగా, అయిదు చీలికలతో విచ్చుకుంది.

"చూశారా, అయిదు!" అని ఆమె పసిపిల్లలా అతని చెయ్యి పట్టుకుంది. తర్వాత చెయ్యి అక్కడే మర్చిపోయింది. వాన అవతల ఎక్కడో కురుస్తున్నట్టుంది.

*

గడువు శనివారంతో అయిపోతుంది. పండు శుక్రవారానికి సిద్ధమవుతుందని అతని లెక్క. కన్ను దగ్గర తేనెచుక్క నిలబడగానే కోసి, ఆఫీసుకి తెచ్చి, పెద్దసారు ముందే కొలవాలని ఆమె లెక్క.

గురువారం అలవాటుగా వచ్చింది. అలవాటుగా తడిసొచ్చింది. స్కేలూ భూతద్దమూ సంచిలోనే ఉన్నాయి. మెట్ల మీద కూర్చుంది. అతను గ్రీన్ నెట్ ఉతకటం గురించి చెబుతున్నాడు.

"ఎండలో ఆరేస్తే ముడుచుకుపోతుందండీ. నీడనే, నాలుగు మూలలా మనుషులు పట్టుకుని నిలబడాలి. మేం ఇద్దరమే కదా, నానమ్మ ఒక మూల, నేనొక మూల. మిగతా రెండు మూలలకీ రెండు కుర్చీలు. పోయిన ఏడాది గాలొచ్చి ఒక కుర్చీ వల పట్టుకుని అత్తాకోడళ్ల గోడ మీదకి ఎక్కేసింది. అత్తగారేమో దెయ్యమనుకుని కోడలి కాళ్లు చుట్టేసుకుంది. గంటసేపు ఎంత ప్రేమగా ఉన్నారనుకున్నారు!"

ఆమె పగలబడి నవ్వింది. మధ్యలో నానమ్మ వచ్చి ఒళ్లో చిన్న పళ్లెం పెట్టింది. ఏదో అంది కూడా. ఆమె "ఊ" అంది. అతనూ "ఊ" అన్నాడు.

"మరి కుర్చీ దిగిందా?"

"ఎక్కడ దిగిందండీ! ఇప్పటికీ వాళ్లింట్లోనే ఉంది. అడుగుదామంటే దెయ్యం నాదేనని ఒప్పుకోవాలి."

ఆమె నవ్వుతూనే ఒలిచింది, నవ్వుతూనే రెండుగా చీల్చింది, ఒక సగం అతనికిచ్చింది. తిన్నారు. వాన తగ్గి, నీళ్లింకిన మట్టి ఊపిరి పీల్చుకుంటున్నట్టుంది.

"ఎలా ఉంది తల్లీ?" అంది నానమ్మ గుమ్మంలోంచి.

"చాలా బాగుందండీ. ఏమిటది?"

"అదేమిటి? వానకి పగిలిపోతుందని పండు కోశాను, కొలుచుకోమని చెప్పాను కదా. ఇద్దరూ ఊ అన్నారు."

చెట్టు మీద గుడ్డసంచీ ఖాళీగా వేలాడుతోంది.

"మీరు చూడలేదా?" అంది ఆమె.

"మీ చేతిలో ఉంది కదండీ!"

"మీ నోట్లోనూ ఉంది!"

"గుజ్జు ఏ రంగు?" అన్నాడతను ఆశగా. "చూసే ఉంటారు. మీరు చూడకుండా ఉండరు."

ఆమె కళ్లు మూసుకుని వెతికింది. గుజ్జు రంగు లేదు. గ్రీన్ నెట్ పట్టుకుని ఎగిరే కుర్చీ ఉంది. నవ్వినప్పుడు అతని ఎడమ బుగ్గన పడే గీత ఉంది. పండు లేదు.

మూడేళ్లలో ఒక్క కాయ కూడా కొలవకుండా వదలని మనిషి, నాలుగు నెలలు కాపలా కాసిన ఒక్క పండునీ తినేసింది.

"నాదే తప్పు," అని లేచింది. "డ్యూటీలో మాటలు వినకూడదు. ఇకమీదట వేరేవాళ్లొస్తారు."

"మేడమ్, ఒక్క నిమిషం..."

ఆమె ఆగలేదు. గొడుగు మెట్ల మీదే ఉండిపోయింది. మళ్లీ వాన మొదలైంది.

*

మర్నాడు పెద్దసారు రిజిస్టరు తెరిచి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు.

పొడవు, ఖాళీ. వెడల్పు, ఖాళీ. గుజ్జు, కన్ను, ఖాళీ. రుచి గడి మాత్రం నిండి, పక్క మార్జిన్‌లోకి పొర్లింది.

"మొదట తేనె. తర్వాత సన్నటి పులుపు. ఆ తర్వాత వాన వెలిసిన మట్టిలాంటిది ఏదో. అటు పైన గమనించలేదు. ఎదుటి మనిషి గ్రీన్ నెట్ ఉతకటం గురించి చెబుతున్నారు. ఆయన మాట్లాడుతుంటే వేరే ధ్యాస ఉండదని ఆలస్యంగా తెలిసింది. పండు అయిపోయింది. పొరపాటు నాది. చెట్టుది కాదు."

పెద్దసారు చదివి, ఇంకోసారి చదివారు. "మూడేళ్లలో ఈ గడి నింపటం ఇదే మొదలు కదమ్మా?"

"అవును సార్."

"ఇది పండు గురించేనా?"

ఆమె తల వంచుకుంది.

"సరే. రేపు రావాల్సిన మనుషులు రేపొస్తారు. రుచి గడి ఒక్కటీ చూసి చెట్టు కొట్టెయ్యటం ఆపలేను." ఆయన పెన్ను మూత పెట్టబోతూ ఆగారు. "తొక్కతో సహా తిన్నావా?"

ఆమె చివ్వున తలెత్తింది.

తొక్క! చేతులకేసి చూసుకుంది. మూడేళ్లుగా ఆ చేతులు ఒక్కటే పద్ధతి నేర్చుకున్నాయి. మెడ దగ్గర గిల్లి, నాలుగు పాయలుగా కిందికి ఒలిచి, కన్ను మధ్యలోకి వచ్చేలా పువ్వులా పరచటం. మనసు కుర్చీతో పాటు గోడెక్కినా, చేతులు డ్యూటీలోనే ఉండి ఉంటాయి.

"తొక్కా, కన్నూ ఉంటే ఒక ఏడాది గడువిస్తాను," అంటున్నారు సారు. "నల్లి దాటకుండా వల కట్టి, పోల్చి చూడటానికి నల్లపిల్ల పక్కన పెట్టి, ఒకే మట్టి, ఒకే నీళ్లు..."

ఆఖరి మాటలు ఖాళీ కుర్చీ విన్నది.

*

ఆమె వెళ్లేసరికి అతను చెట్టు ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. రిబ్బను తడిసి ముద్దయి ఉంది. ఆమెని చూసి లేచాడు. ఎప్పుడూ మాట్లాడే మనిషి మాట్లాడకపోతే ఆ పెరడు పెరడులా లేదు.

"పళ్లెం ఏదండీ?" అంది ఆమె ఆయాసపడుతూ.

"కడిగేసి ఉంటారు."

"తొక్క?"

అతనికి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక ఇద్దరూ ఒక్కసారే చెత్తబుట్ట వైపు పరుగెత్తారు, ఒకరికొకరు గుద్దుకున్నారు, "సారీ" అన్నారు, మళ్లీ పరుగెత్తారు. బుట్ట ఖాళీ.

"దేనికర్రా ఆ బుట్టని అలా చూస్తారు?" నానమ్మ వంటింట్లోంచి పాత నోటుపుస్తకం ఒకటి పట్టుకుని వచ్చింది. "ఇదా? ఇంత అందంగా పరిచి పెట్టావు, పారేయబుద్ధి కాలేదు తల్లీ."

పేజీల మధ్య, నాలుగు రేకుల పువ్వులా, తొక్క. ముదురాకుపచ్చ మీద సన్నటి ఊదా చారలు. మధ్యలో కన్ను, గట్టిగా, చీమ కూడా దూరనంత గట్టిగా మూసుకుని.

నల్లపిల్లకి చారలుండవు. నల్లపిల్ల కన్ను ఎప్పుడూ తెరుచుకునే ఉంటుంది.

ఆమె భూతద్దంలోంచి చాలాసేపు చూసింది. చూపు మసకబారితే అద్దం తుడిచింది. తుడవాల్సింది అద్దాన్ని కాదు.

"ఒక ఏడాది," అంది. "ఒక ఏడాది ఇస్తామన్నారు. నల్లపిల్ల పక్కన, ఒకే మట్టిలో." రెండు గడులు నింపి, రిజిస్టరు అతనికి అందించింది. "చెట్టు మీది కదా, ఇక్కడ సంతకం పెట్టాలి."

అతను పెన్ను తీసుకున్నాడు. సంతకం చోటుకి వెళ్లాల్సిన చూపు రుచి గడిలో చిక్కుకుంది. ఆమె గమనించి రిజిస్టరు లాక్కోబోయింది. అతను వదల్లేదు.

"గ్రీన్ నెట్ ఉతకటం గురించి చెబుతుంటే..." అన్నాడు నెమ్మదిగా.

"ఊ."

"...పండు తింటున్నట్టే తెలియలేదా?"

"తెలియలేదు."

"అత్తగారి దెయ్యం గురించి చెబుతుంటే?"

"అదే మా సారుకి కూడా రాసిచ్చాను. చాలదా?"

అతను సంతకం పెట్టాడు. అక్షరాలు వంకరటింకరగా, గుడ్డసంచీ కుట్లలా వచ్చాయి. "నాకైతే ఆ సగమూ తెలియలేదండీ. మీరు నవ్వుతున్నారు. మీరలా నవ్వటం ఎప్పుడూ చూడలేదు. రాయి పెట్టినా తినేసేవాణ్ని."

చూరు మీది ఆఖరి చినుకు చెంబులో పడింది. టప్పుమని.

"వలకి నాలుగు మూలలు కదా?" అంది ఆమె, చెట్టుకేసి చూస్తూ. "ఒక కుర్చీ అత్తాకోడళ్ల ఇంట్లో ఉండిపోయింది. ఒక మూల నేను పట్టుకోవచ్చా?"

"ఎన్నాళ్లు?"

"గ్రీన్ నెట్ ఉతికినన్నాళ్లూ."

నానమ్మ గుమ్మంలో నిలబడి గట్టిగా దగ్గింది. "నా మూల నేనే పట్టుకుంటాను, ముందే చెబుతున్నా. నాలుగో మూలకి కుర్చీ ఉందిగా, ఇక చాలు. అమ్మాయ్, మీ ఇంట్లో మాట్లాడాల్సింది ఎవరితో?"

"మా వదినతోనండీ. ఆవిడకి ఎప్పుడో తెలుసు."

ఆమె వంగి, తడి ముడి గోళ్లతో విప్పింది. రిబ్బను చేతికొచ్చింది. మాట ప్రకారం, తన చేత్తోనే.

*

తర్వాతి వానాకాలానికి ఆ చెట్టు వల కింద, నల్లపిల్ల పక్కన, అదే మట్టిలో, అదే గీత ఉన్న చెంబు నీళ్లతో, ఇంకా మచ్చల ఆకులతోనే ఏడు పళ్లు పండించింది. జబ్బు పోలేదు, పోదు. చెట్టూ పోలేదు. గుజ్జు గులాబీ రంగని, చారలు నిజమని, కన్ను మూసుకునే పుడుతుందని, ఇంకెక్కడా లేని రకమని ఆమె అన్ని గడులూ నింపి రాసింది. రుచి గడిలో ఇద్దరూ రాశారు. ఇద్దరికీ కుదరలేదు. ఆమె పులుపుందంటుంది, అతను లేదంటాడు. రెండూ అలాగే ఉంచారు.

చివరికి పేరు గడి దగ్గర ఆమె పెన్ను ఆగింది.

"నీ పేరు పెట్టెయ్యనా?" అన్నాడతను. మీరు పోయి నువ్వు వచ్చి అప్పటికి ఆరు నెలలు.

"ముద్దు పేర్లు చెల్లవు. వీధిలో పదిమంది నోటా నలిగిన పేరే..."

ఆమె మాట పూర్తి చెయ్యకముందే గోడవతల నుంచి అత్తగారి గొంతు వినిపించింది. వెనకే కోడలి గొంతూ. ఈమధ్య ఇద్దరికీ ఒకే ఒక్క విషయంలో పేచీ లేదు.

"ఏమమ్మాయ్, ఆ తినేసిన అంజూరానికి కాయలొచ్చాయటగా! మా ఇద్దరికీ చెరో కొమ్మా ఇవ్వాలి!"

"వల కట్టుకుంటేనే ఇస్తాం పిన్నిగారూ," అని కేకేసి ఆమె మొగుడికేసి చూసింది. అతను నవ్వాపుకోలేక చెట్టు చాటుకి పోయాడు. పీట మీద నానమ్మ ఏడో పండుని నాలుగు పాయలుగా ఒలుస్తూ, ఏమీ విననట్టు కూర్చుంది.

అప్పటికి వీధంతా దాన్ని అలాగే అంటోంది. రూలు రూలే. ముత్యాల్లాంటి అక్షరాలతో, రబ్బరు పక్కన పెట్టి, ఆమె రాసింది: తినేసిన అంజూరం.